కొంటా లైనుకు సముద్రపు ఉప్పు

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడ్డాక వచ్చిన రెండో వేసవిలో నన్ను జగదల్‌పూర్ నుంచి కొంటాకు విచారణ మీద పంపారు. అక్కడి మాటలో జాంచ్. అప్పుడు నేను విద్యుత్ శాఖలో సహాయక ఇంజనీరుని. దోర్నపాల్ నుంచి కొంటాకు వచ్చే ముప్పై మూడు కె.వి. లైను రోజూ తెల్లవారుజామున ట్రిప్ అయి ఆగిపోయేది, ఎండెక్కాక బుద్ధిగా నిలబడేది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, కొమ్మలు కొట్టలేదన్న నేరం లైన్‌మన్ రాజు మీద పడింది. నా జాంచ్ ముగిస్తే అతని సస్పెన్షన్ మీద సంతకం పడుతుంది.

"కొమ్మలన్నీ కొట్టిన సారూ. ఏది తగుల్తుందో సూపియ్యుండ్రి, నౌకరీ ఇడిసి పోత," అన్నాడు రాజు.

లైను వెంట నడిచాం. తగిలే కొమ్మ ఒక్కటీ లేదు.

కొమ్మ కాకపోతే ఇన్సులేటర్ల మీద లీకేజీ అయి ఉండాలి. వాటి పింగాణీ బిళ్లలకు పట్టిన మురికి మంచుకు తడిస్తే, దాని మీదుగా కరెంటు కొద్దికొద్దిగా స్తంభంలోకి జారుతుంది. హద్దు దాటితే లైను పడిపోతుంది. దీన్ని లెక్కగట్టే కంప్యూటర్ నమూనాను బయల్దేరే ముందే నడిపి చూశాను. దానికి తెలిసిన మురికి మూడే రకాలు: రోడ్డు దుమ్ము, ఫ్యాక్టరీ పొగ, సముద్రపు ఉప్పు. కొంటాలో ఫ్యాక్టరీ లేదు, సముద్రం అసలే లేదు. రోడ్డు దుమ్ముకు లైను పడదు. కాబట్టి ఇన్సులేటర్లు నిర్దోషులని నమూనా తేల్చింది. ఇక మిగిలింది రాజే.

లైను ఆపించి అతన్ని స్తంభం ఎక్కించాను. బజారులో బ్యాటరీ షాపు సేటు దగ్గర కొన్న డిస్టిల్డ్ వాటర్‌తో దూది తడిపి బిళ్లలు తుడిపించాను. దూది నల్లగా దిగింది. దాన్ని కడిగిన నీటిలో కరెంటు ఎంత పారుతుందో కొలిచి, ఆ మురికి ఎంత ఉప్పుకు సమానమో రాయడం మా పద్ధతి. సముద్రం ఒడ్డున వచ్చేంత అంకె చూసి మీటరు పాడైందనుకున్నాను. పాడవలేదు.

స్తంభం పక్కనే ఇప్పచెట్టు, దాని కింద నేలంతా కాలిన నలుపు. పువ్వు రాలే ముందు ఆకులు తగలబెట్టి నేల శుభ్రం చేసుకోవడం అక్కడ ఇంటింటి పని. లైను వెంట అన్నీ ఇప్పచెట్లే. ఆ బూడిదే ఎగిరి బిళ్లలకు పట్టింది; తడిస్తే అదీ ఉప్పులాగే కరెంటును పారనిస్తుంది.

ఈ చెట్టెవరిదని అడిగాను.

"మాదే సారూ. మా ఇంటామెనే అంటువెట్టింది. ఆకు కాల్వకుంటే పువ్వెట్ల ఏరుతరు?"

కొమ్మల నేరం నుంచి బయటపడి మంట నేరంలో పడ్డాడు. అతని భయం నాకూ పట్టుకుంది.

కార్యనిర్వాహక ఇంజనీరుకు ఫోనులో ఉన్నదున్నట్టు చెప్పాను. బూడిద అని రాస్తే మంట ఎవరు పెట్టారని ఇంకో జాంచ్ వేస్తారని, దానికీ నన్నే పంపుతారని ఆయన అన్నారు. పైగా నమూనాలో బూడిదకు చోటు లేదు. అంకె ఉప్పు లెక్కలోనే ఉంది కదా, ఉప్పనే రాయమన్నారు. నాకు నచ్చలేదు. నాకు నచ్చలేదని రాజు ఉద్యోగం పోవడం అంతకన్నా నచ్చలేదు.

సముద్రపు ఉప్పని నింపి నడిపితే, మంచు పడే వేళ లైను పడుతుందని నమూనా చూపింది. సస్పెన్షన్ ఆగిపోయింది. ఏటా వేసవి మొదట్లో బిళ్లలు కడగాలని ఉత్తర్వు వచ్చింది. ఏ రోజన్నది అందులో లేదు. అది రాజు భార్య చేతిలో ఉండేది. ఆమె ఆఖరి చెట్టు కింద మంట చల్లారిందని చెప్పాక రాజు స్తంభం ఎక్కేవాడు. తెల్లవారుజాము ట్రిప్పులు ఆగాయి.

లీకేజీని లెక్కగట్టేవాడికి లైనులో కరెంటుతో పాటు లైను కింద ఎవరు ఏ నెలలో ఏం చేస్తారో కూడా తెలియాలని ఆ జాంచ్ నేర్పింది. నమూనాకు ఎవరూ నేర్పలేదు. నేను రిటైరయ్యే నాటికి కూడా శాఖ రికార్డుల్లో కొంటా సముద్రతీరంలోనే ఉంది.