నా వెనక చక్రాన్ని చూసుకుంటూ వచ్చిన మనిషి

సైకిలు మీద కొండ ఎక్కడం నాకు నేర్పినవాడు ధర్మవరంలో పట్టుచీరలు నేసే మనిషి. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. నేను అదే ఊళ్లో జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. మా వీధులు పక్కపక్కనే అయినా ఊళ్లో ఎప్పుడూ పలకరించుకున్నది లేదు. మొదటిసారి మాట్లాడుకున్నది పెనుకొండ కొండ మీద, మూడో మలుపులో.

షుగరు వచ్చిందని డాక్టరు భయపెడితే గేర్ల సైకిలు కొన్నాను. నాలుగు ఆదివారాలు చదునునేల మీద తొక్కి, అయిదో ఆదివారం ధైర్యం చేసి పెనుకొండ దాకా వెళ్లాను. కొండ మీదికి వేసిన రోడ్డు చూశాక ఆశ పుట్టింది. మూడో మలుపుకే ఊపిరి అందక దిగిపోయి, సైకిలును తోసుకుంటూ నడుస్తున్నాను. వెనకనుంచి ఒక మనిషి నిమ్మళంగా తొక్కుకుంటూ వచ్చి, నా పక్కన కాలు ఆనించాడు.

"ఏమప్పా, సైకిలు నిన్ను మోయాల్నా, నువ్వు సైకిలును మోయాల్నా?"

నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. ఆయన నా సైకిలు గేరు చూసి, "ఇంత బరువు గేర్లో ఎద్దు గూడా ఎక్కదు. తగ్గించుకో. పైకి చూడాకు, చూస్తే కాళ్లు చచ్చిపోతాయి" అన్నాడు. ఆ రోజు కొండ పైదాకా నా పక్కనే వచ్చాడు. పైన నరసింహస్వామి గుడి దగ్గర కూర్చుని తను తెచ్చుకున్న వేరుశనగ ఉండల్లో సగం నాకు పెట్టాడు. వారమంతా గుంతమగ్గంలో కాళ్లు దించుకుని కూర్చుంటే నడుము పట్టేస్తుందట. ఆదివారం ఒక్కరోజు కాళ్లు తిప్పకపోతే సోమవారం మగ్గం గుంతలోకి దిగలేనన్నాడు. ఆయన సైకిలు పాతది. బెంగళూరులో చీరలు కొనే ఒక షావుకారి కొడుకు వాడి వదిలేసినది. దాన్ని విప్పి, తుడిచి, మళ్లీ బిగించుకుని, మగ్గం ఎంత భద్రంగా చూసుకునేవాడో అంత భద్రంగా చూసుకునేవాడు.

అక్కడినుంచి ఆరేళ్లు మేమిద్దరం కలిసి తొక్కాం. మొదట్లో నన్ను సారూ అనేవాడు. రెండో నెలకే అప్పా అయింది. నేను అన్నా అనేవాణ్ణి. మామూలు ఆదివారాల్లో పెనుకొండ దాకా వెళ్లి వచ్చేవాళ్లం. నెలకొకసారి మాత్రం పెద్ద దారి. తెల్లవారకముందే బయలుదేరి పెనుకొండ, సోమందేపల్లి, హిందూపురం దాటి, లేపాక్షి మీదుగా కర్ణాటక సరిహద్దులో ఉన్న కొడికొండ చెక్‌పోస్ట్ దాకా వెళ్లేవాళ్లం. తిరిగి హిందూపురం వచ్చి, సైకిళ్లు రైల్లో వేసుకుని ధర్మవరం చేరేవాళ్లం.

లేపాక్షి దాటాక ఆ దారి ఎగుడుదిగుడుగా ఉంటుంది. రెండు వైపులా బోడి గుండ్లు, వాటి సందుల్లో ఎర్రమన్ను, వానొస్తే వేరుశనగ, రాకపోతే ఏమీ లేదు. ఊరికీ ఊరికీ మాట మారిపోతుంది. ఒకచోట తెలుగులో అడిగితే కన్నడంలో జవాబు వస్తుంది, ఇంకోచోట ఒకే వాక్యంలో రెండూ ఉంటాయి. అన్నకు రెండు భాషలూ వచ్చు. ఎత్తు ఎక్కేటప్పుడు కూడా మాట్లాడుతూనే ఉండేవాడు. ఏ ఊరి గుట్ట ఏ రంగులో ఉందో చెప్పి, అట్లాంటి రంగు అంచుకు చీర ఒళ్లు ఏ రంగులో నేస్తే అందం నిలబడుతుందో చెప్పేవాడు. ఆయన ఎప్పుడూ ముందుండేవాడు. నేను వగరుస్తూ వెనక.

అయిదో ఏడు దాటాక అది తిరగబడింది. ఆయన నా వెనక రావడం మొదలుపెట్టాడు. మొదట ఎత్తుల్లో, తర్వాత చదునులో కూడా. నా చక్రానికి మూర దూరంలో, అటూ ఇటూ జరగకుండా.

"ముందరికి రాన్నా" అంటే, "నువ్వు పో అప్పా. నీ వెనకాల ఉంటే గాలి తగల్దు, సులువుగా ఉంటాది" అనేవాడు.

ఈ మాట నేను రాయకుండా దాటేస్తే తప్పవుతుంది: నాకు గర్వంగా ఉండేది. కొండ ఎక్కడం నేర్పినవాణ్ణే వెనకేశానని లోపల సంతోషపడ్డాను. స్టాఫ్‌రూములో ఒకరిద్దరికి చెప్పుకున్నాను కూడా. ఆయన మాటలు తగ్గాయి, గుట్టల రంగులు చెప్పడం మానేశాడు. వయసు మీద పడుతోంది అనుకున్నాను. ఒకసారి టీ అంగడి దగ్గర పక్కనున్న బెంచీకి మోకాలు కొట్టుకున్నాడు. ఇంకోసారి చేయి చాపి ఇస్తున్న గ్లాసు ఆయనకు కనపడక అంగడామె రెండుసార్లు పిలవాల్సి వచ్చింది. చూశాను, మరిచిపోయాను.

ఆ రోజు మాఘమాసపు ఎండ. లేపాక్షి దాటి, కొడికొండకు ముందున్న పెద్ద దిగుడులో ఉన్నాం. ఎడమ పక్క బీడులోనుంచి గొర్రెల మంద రోడ్డు మీదికి వస్తోంది. నాకు దూరంనుంచే కనపడింది. అవి రోడ్డెక్కేలోపల దాటిపోవచ్చని వేగం పెంచాను. దాటిపోయాను. చేయి ఎత్తి సైగ చేయలేదు, కేక వేయలేదు. అంత పెద్ద మంద ఆయనకు కనపడదని నాకు తోచనే లేదు.

వెనక ఇనుము రోడ్డును గీరిన చప్పుడు వినపడింది. తిరిగి చూస్తే గొర్రెలు చెదిరిపోతున్నాయి. వాటి మధ్య ఆయన పక్కకు పడి ఉన్నాడు, సైకిలు ఇంకో పక్క. గొర్రెలు కాసే ముసలాయన కర్ర పారేసి పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరం కలిసి లేపి కూర్చోబెట్టాం. ఎడమ భుజం కిందికి వేలాడుతోంది.

"ఏమప్పా, ఇంత మంద వస్తాంటే కనపళ్యా నీకు? నేను కేకేస్తి గదా" అన్నాడు ముసలాయన. తిట్టడం లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

అన్న తల అటూ ఇటూ తిప్పి గొర్రెల కోసం వెతికాడు. గొర్రెకేమన్నా అయిందా అని అడిగాడు. ఏమీ కాలేదని ముసలాయన రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఆటోలో హిందూపురం తీసుకొచ్చాను. మెడ దగ్గరి ఎముక విరిగిందని కట్టు కట్టారు. ఫోను చేస్తే మధ్యాహ్నం రైలుకు ఆయన భార్య వచ్చింది. మంచం దగ్గర కాసేపు నిలబడి, నన్ను వరండాలోకి రమ్మంది.

"నీకు చెప్పల్యా సార్ ఆయప్ప?"

"ఏందమ్మా?"

"కంటి సంగతి. నీటికాసులంట. ఊళ్లో కళ్ల క్యాంపు పెడితే చూపించుకున్యాడు, ఏడాది కిందట. ముందరుండేది కనపడతాది, పక్కలుండేది కనపడదు. ఇంట్లో తలుపులకు కొట్టుకుంటాండాడు. సైకిలు వద్దంటే యినడు. సారుకు చెప్పాకు, చెప్తే పిల్చుకోని పోడు అనె. నువ్వు ముందర పోతాంటే నీ చక్రం ఒకటి చూసుకుంటా వస్తాడంట. అట్లయితే ఏం కాదంట."

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. ఏడాదిపాటు ఆ మనిషి లోకమంతా నా వెనక చక్రమంత చేసుకుని నన్ను నమ్మి వచ్చాడు. నేను దాన్ని నా గెలుపనుకున్నాను.

భుజం అతుక్కున్నాక బెంగళూరులో పెద్ద కళ్లాసుపత్రికి నేనే తీసుకెళ్లాను. పోయిన చూపు తిరిగి రాదని, మిగిలినదాన్ని మందుచుక్కలతో కాపాడుకోవాలని, గొట్టంలోనుంచి చూస్తున్నట్టు ఉంటుందని డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. అన్న అన్నీ విని ఒకటే అడిగాడు, మగ్గం నేయొచ్చునా అని. కొన్నాళ్లు నేయొచ్చు అందామె. సైకిలు మాట ఆయన ఎత్తలేదు. వచ్చేటప్పుడు రైల్లో ఎత్తాడు.

"ఒక్కసారి కొడికొండ దాకా పోయొద్దామప్పా. నిమ్మళంగా. ఇప్పుడు నీకు తెలుసు గదా, కేకేస్తా పోతే చాలు."

"వద్దన్నా."

"ఒక్కసారే."

"నా వల్ల కాదన్నా. ఇంకోసారి నీకేమన్నా అయితే నేను తట్టుకోలేను."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. ఆ తర్వాత రెండు నెలలు నేను ఇంటికి వెళ్తే, నిద్రపోతున్నాడనో గుడికి పోయాడనో భార్య చెప్పేది. లోపల మగ్గం చప్పుడు వినపడుతూ ఉండేది. నేను చేసింది సరైనదేనని ఇప్పటికీ అనుకుంటాను. అయినా ఖాళీ రోడ్డు మీద, బండ్లు లేని పొద్దున, ఒక్క గంట తీసుకెళ్లి ఉండొచ్చేమో అని కూడా అనుకుంటాను.

మూడో నెలలో తలుపు తీశాడు. పంచలో సైకిలు ఉండే చోట పట్టుదారం చుట్టే కండెల బుట్ట ఉంది. అడిగాను.

"ఇచ్చేస్తి. తలుపుల అనే ఊళ్లో చుట్టాలుండారు, వాళ్లకు. ఈడ ఉంటే పొద్దన లేస్తానే చెయ్యి దాని మీదికే పోతాది." కండెల బుట్ట పక్కకు జరిపి, "రోడ్డు మాటలు మాత్రం నాకాడ చెప్పాకప్పా. ఇంకేమన్నా మాట్లాడు" అన్నాడు.

అప్పటినుంచి వేరే మాటలే. మా ఆవిడ మోకాళ్లు, కాలేజీలో పిల్లలు, పట్టు నాసిరకంగా వస్తున్న సంగతి. ఏడాదిలో చూపు ఇంకా ముడుచుకుపోయింది. మొదట రంగులు జత చేసే పని భార్య తీసుకుంది. తర్వాత అడ్డదారం నడిపే నాడె పక్కకు పడితే తడుముకోవాల్సి వచ్చి, మగ్గం మీదినుంచి లేచాడు. ఇప్పుడు ఆమె నేస్తుంది, ఆయన కూర్చుని కండెలు చుడతాడు.

నేను తొక్కడం మానలేదు. ఆదివారం మధ్యాహ్నం ఇంటికొచ్చి, స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని ఆయన దగ్గరికి వెళ్తాను. పోయిన నెల అట్లాగే వెళ్లి పక్కన కూర్చున్నాను. కండె చుట్టడం ఆపి, ఏదో చెప్పబోతూ నా చేయి పట్టుకున్నాడు. సైకిలు గ్లౌజు పట్టీ బిగుసుకుని మణికట్టు మీద పడిన గుంత ఆయన వేళ్లకు తగిలింది. వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

"యాడి దాకా పోయింటివప్పా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు.

"కొడికొండ దాకా అన్నా."

"ఒక్కనివేనా?"

"ఒక్కన్నే."

ఆయన నా చేయి వదల్లేదు. లోపలినుంచి భార్య మజ్జిగ తెచ్చి, ఒక గ్లాసు నాకిచ్చి, రెండోది ఆయన ముఖానికి సూటిగా ఎదురుగా పట్టుకుని నిలబడింది.