గార్డు ఉన్నాడనుకుంది

“మా సాత్విక మెదడు చెప్పుకోదగ్గది కాదట ఆంటీ! ఇక దానికి చదువు రాదా?”

మయూర్ విహార్‌లోని క్రెష్ గుమ్మంలోనే ఇంద్రాణి కాగితం చాపింది. ఏడాదిన్నర పిల్ల మంచం మీంచి పడి వాంతి చేసుకుంటే నిన్న తలకు స్కాన్ తీయించింది. పొద్దున తెచ్చుకున్న రిపోర్టులో ‘బ్రెయిన్: అన్‌రిమార్కబుల్’ అని ఉంది. తను ఫిజిక్స్ టీచరు. ఇంగ్లిషు రాక కాదు, భయానికి ఒక్క అర్థమే కనబడుతుంది.

సాత్వికను చంకనేసుకున్న ఆయా కమలాకుమారి నవ్వలేదు. విజయనగరం వైపు మనిషి, పదో తరగతి చదివింది. సిపాయి భార్యగా కంటోన్మెంట్‌కు వచ్చి, ఆయన పోయాక ఈ పనిలో చేరింది. రోజంతా పిల్లల్ని ఎత్తుకుని నిలబడుతుంది. కదలకుండా బరువు మోస్తే ‘వర్క్’ సున్నా అని ఇంద్రాణి క్లాసులో చెబుతుంది.

“డాక్టర్ని అడిగినావా?”

“లైను చాలా ఉంది ఆంటీ. రిపోర్టు నేనే చదివేసుకుని వచ్చేశాను.”

“నానూ అలాగే వచ్చీసినాను.”

భర్త ఆసుపత్రిలో ఉన్నప్పుడు కాగితం మీద ‘ప్రోగ్నోసిస్: గార్డెడ్’ అని రాశారట. జబ్బు ఎటు తిరుగుతుందో చెప్పే ఆ మొదటి మాట ఆమెకు తెలియలేదు. రెండోది తెలుసు.

“ఇరవై రెండేళ్లు గార్డు డ్యూటీ సేసినోడి పెళ్లాన్ని. గార్డు ఉంటే ఇంకేటి భయం అనుకున్నాను. ఊర్నుంచి కూతురు వస్తానని ఏడిస్తే, ‘పరీక్షలు రాసుకోవే, నాన్నకి కాపలా ఉందంట’ అన్నాను. నాలుగోనాడు పోనాడు. అప్పుడు సెప్పింది నర్సు, గార్డెడ్ అంటే గట్టిగా ఆశ పెట్టుకోవద్దని అంట.”

“మరి మీ అమ్మాయి?”

“పాసైంది. ఫస్టు క్లాసు. నాతోనే మాటాడదు.”

ఇంద్రాణి ఆమె ముఖంలోకి చూడలేకపోయింది.

“ఇంకా నిలబడ్డావేటి? ఎనక్కెల్లు. తెలుగులోనో హిందీలోనో, ఆ మాట నీ నోటితో నువ్వు తిరిగి సెప్పగలిగినదాకా డాక్టరు ముందు కుర్సీలోంచి లేవకు.”

మళ్లీ వెళ్లి అడిగితే, లోపమేమీ కనబడకపోతే ‘అన్‌రిమార్కబుల్’ అనే రాస్తామని డాక్టరు విసుక్కుంటూ చెప్పాడు. సాయంత్రం పిల్లను తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు ఆ సంతోషాన్ని కమలాకుమారికి చూపించడానికి ఇంద్రాణికి సిగ్గేసింది.

ఇప్పుడు జలుబు మందు రాయించుకున్నా ఇంద్రాణి అంతే. వెనక లైనులోంచి “దీదీ, జల్దీ కరో” అని తొందరపెడుతూ గొణుగుతారు. తర్వాతి వాళ్లను పిలవడానికి డాక్టరు బెల్లు నొక్కుతాడు. “ఆగండి సర్, నాకేం అర్థమైందో చెబుతాను, సరో కాదో చెప్పండి,” అంటూ ఆమె కుర్చీలోంచి లేవదు.