పల్లి చేను చుట్టూ తీగ

తుపాకీ తెచ్చి స్టేషన్‌లో అప్పజెప్పమని కబురు వచ్చేసరికి మా పల్లి చేను కాయకు ఊడలు దిగుతోంది. తెలంగాణ వచ్చాక జరిగిన మొదటి అసెంబ్లీ ఎన్నికలు అవి. ఎన్నికలంటే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్‌లో ఉండాలి. నాయిన దాన్ని పాత పంచెలో చుట్టి, ఒళ్లో అడ్డంగా పెట్టుకుని నా బండి వెనక కూర్చున్నాడు. దారిలో ఎవరైనా ఆపితే ఏం చెప్పాలా అని నాకు ఒకటే గుబులు. లైసెన్సు పుస్తకం జేబులో ఉందో లేదో నాలుగుసార్లు తడిమి చూసుకున్నాను.

స్టేషన్‌లో కానిస్టేబుల్ రశీదు రాసి, తుపాకీని మూలన ఉన్న మిగతా వాటి పక్కన నిలబెట్టాడు.

"సారూ, గోడకు ఆనిచ్చి పెట్టకుండ్రి, చెమ్మ వడ్తది. నెలకోపారి జర నూనెగుడ్డతోని తుడిస్తే సాలు," అన్నాడు నాయిన.

"మాకు గదే పనా పెద్దాయనా?" అని నవ్వాడు కానిస్టేబుల్.

"మళ్ల ఎన్నడిస్తరు సార్?" అని నేనడిగాను.

"ఎలక్షన్లు అయినంక. గివి అయితె సర్పంచులయి ఉన్నయి, అటెన్క పార్లమెంటుయి. అన్నీ అయినంక రండ్రి."

బయటికొచ్చాక నేను వేళ్ల మీద నెలలు లెక్కపెట్టాను. పల్లికాయ పీకేది సంక్రాంతి దాటాక. అంటే ఆ పంటకు తుపాకీ లేనట్టే.

మాది గుట్ట కింద మూడెకరాల రాళ్ల నేల. నాయిన చిన్నప్పటి నుంచీ ఒక పెద్ద రైతు దగ్గర జీతం ఉన్నాడు. నడివయసు వచ్చాక సర్కారు ఆ జాగా ఇచ్చింది. రాళ్లు ఏరి, గట్లు పోసి, బోరు వేయించేదాకా పదిహేనేళ్లు పట్టింది. గుట్ట మీది అడవి పందులకు మా చేనే మొదటి వాకిలి. అందుకే పంట కాపలాకని అర్జీ పెట్టుకుంటే, గొట్టం మూతిలోంచి మందు పోసి కూరి పేల్చే పాతకాలపు తుపాకీకి లైసెన్సు ఇచ్చారు. తన ఫొటో అంటించి ఉన్న మొదటి కాగితం అదేనని నాయినకు గొప్ప. భూమి కాగితంలో పేరు ఒక్కటే ఉండేది.

దానితో ఆయన ఒక్క పందినీ చంపలేదు. చంపితే కేసవుతుందని తెలుసు. గుండ్లు వేయకుండా ఉత్త మందే కూరి, పొద్దు గూకే వేళ గుట్ట వైపు తిరిగి ఒకసారి పేల్చేవాడు. ఆ చప్పుడుకు రెండు మూడు రోజులు పందులు దిగేవి కావు. అన్నేళ్ల చప్పుడుకు ఆయన కుడి చెవి మాత్రం పోయింది.

తుపాకీ కన్నా ఆయనకు ఇష్టమైనది గాలం. చేను దాటితే చెరువు కట్ట, కట్ట చివర నిండిన నీళ్లు పొర్లే అలుగు. చెరువులో చేపలు మత్స్యకారుల సంఘం వాళ్లవి. కానీ అలుగు కింద మడుగుల్లో గాలం వేసుకునే ముసలివాణ్ణి వాళ్లు ఏమనేవారు కాదు. రోజూ తెల్లారగట్ల చేనుగట్టు మీదుగా నడిచిపోయి, గాలానికి చిన్న కప్పను గుచ్చి, కొర్రమట్ట కోసం కూర్చునేవాడు. నాకు జడ్చర్ల దగ్గర మందుల కంపెనీలో షిఫ్టుల కొలువు. సెలవు రోజున నేనూ ఆయన పక్కన కూర్చునేవాణ్ణి. కూర్చున్నానన్న మాటే గానీ మనసు కుదురుగా ఉండేది కాదు. ఫోన్ మోగిందేమో, సూపర్‌వైజర్ పిలిచాడేమో, బోరు మోటారు కాలిందేమో, ఏదో ఒకటి. ఒకసారి నా గాలానికి మోచేతంత కొర్రమట్ట పడింది. గట్టు దాకా లాగి, తెంపుకుని పోతుందేమోనన్న తొందరలో ఒక్క గుంజు గుంజాను. దారం పుటుక్కున తెగింది.

"నీకు చేప పోతదన్న భయమే గాని చేప మీద ధ్యాస లేదురా. చెయ్యి వణికితే దారం వణుకుతది. దానికి ఎర్కయితది," అన్నాడు నాయిన నవ్వుతూ.

ఆ ఏడు కార్తీకం వెళ్లాక పందులు దిగాయి. తెల్లారి చూస్తే గుట్ట వైపు నాలుగు సాళ్లు దున్ని పెట్టినట్టు ఉన్నాయి. లేత కాయలు నమిలి ఉమ్మేసిన గుజ్జు, చుట్టూ గిట్టల అచ్చులు. పాత చీరలు కట్టాం. మంగలి కొట్టులోంచి వెంట్రుకలు సంచికెత్తి తెచ్చి గట్ల మీద చల్లాం. ఖాళీ సీసాలు వేలాడదీశాం. ఒక్కోటి ఒక్కో రాత్రి పనిచేసింది. అటవీ ఆఫీసుకు పోతే, ఫొటోలు తీసి అర్జీ ఇవ్వమన్నారు. పందులను కొట్టడానికి అనుమతి ఉన్న షూటర్లు ఉంటారని, పంచాయతీ వాళ్లు రాస్తే వస్తారని చెప్పారు. పంచాయతీకి పోతే, ఎన్నికలయ్యేదాకా సర్పంచే లేడన్నారు. స్టేషన్‌కు పోయి, మా తుపాకీతో ఉత్త మందే పేలుస్తామని, రాసిస్తామని బతిమాలాను. ఆ రోజు ఉన్న అధికారి చెడ్డవాడేమీ కాదు. "నీ ఒక్కనికిస్తే అందరికియ్యాలె. నా కొలువు పోతది," అన్నాడు.

ఇంటికొచ్చి చూస్తే నాయిన ఎర్రలు తవ్వుకుంటున్నాడు. నాకు కోపం ఆగలేదు.

"చేను పోతాంటే నీకు చేపలెట్ల యాదికొస్తయి నాయినా?"

"పోయి గుట్టకు అడ్డం పండుమంటవా? తిన్నన్ని తిని పోతయి. మిగిలింది మనది," అన్నాడు.

పక్క చేను రైతు ఒక సాయంత్రం నన్ను పిలిచి మెల్లగా చెప్పాడు. "బైండింగు తీగ తెచ్చి చుట్టు తిప్పు. మోటారు డబ్బాలకెంచి కరెంటియ్యి. పొద్దుగూకినంక పెట్టాలె, తెల్లారక ముందే తియ్యాలె. గంతే. అందరు చేస్తలేరా?"

అందరూ చేస్తున్న సంగతి నాకూ తెలుసు. పక్క ఊళ్లో అట్లాగే ఒక కౌలు రైతు తను పెట్టిన తీగకే తగిలి చనిపోయిన సంగతీ తెలుసు. అయినా మర్నాడు జడ్చర్ల నుంచి వస్తూ తీగ తెచ్చాను. దుకాణంలో ఎవరూ ఏమీ అడగలేదు. కిలోల లెక్కన తూచి, కాగితంలో చుట్టి ఇచ్చారు.

నాయినకు చెప్పలేదు. ఆయనకు నాలుగు రోజులుగా జ్వరం. మంచం దిగడం లేదు కాబట్టి అటు రాడన్నది నా ధైర్యం. నా భార్యకూ చెప్పలేదు. చెబితే పెట్టనివ్వదు. ఆ వారం నాకు మధ్యాహ్నం షిఫ్టు. ఇంటికొచ్చేసరికి పదకొండయ్యేది. రాగానే చేనుకు పోయి తీగకు కరెంటు ఇచ్చి, అక్కడే మంచె మీద పడుకుని, చీకటి ఉండగానే తీసేవాణ్ణి. కళ్లు మూసుకుంటే తీగకు ఎవరో తగిలినట్టే ఉండేది. ఆకు కదిలినా లేచి కూర్చునేవాణ్ణి. మొదటి రాత్రి ఏమీ పడలేదు. రెండో రాత్రీ లేదు. కానీ పందులు రాలేదు. అదే నాకు చాలనిపించింది.

మూడో రోజు పొద్దున కంపెనీ నుంచి ఫోన్. రాత్రి షిఫ్టు వాళ్లు ఇద్దరు రాలేదట, నన్ను సాయంత్రం వచ్చి తెల్లారేదాకా చేయమన్నారు. కాదంటే కొలువుకే ఎసరు. పొద్దు గూకగానే తీగకు కరెంటు ఇచ్చి బండెక్కాను. తెల్లారకముందే వచ్చి తీయొచ్చనుకున్నాను. అట్లా పెట్టి పోవడానికి నాకు మనసెట్లా ఒప్పిందో ఇప్పటికీ తెలియదు.

పొద్దున ఐదున్నరకు బయటపడాల్సింది, నా బదులు మనిషి రాక ఆరు దాటింది. గేటు బయట బండి తీస్తూ ఇంటికి ఫోన్ చేశాను.

"నాయిన ఎట్ల ఉన్నడు?"

"జ్వరం తగ్గిందంట. గాలం కట్టె పట్టుకొని చెర్వుకాడికి పోయిండు. వద్దంటె ఇన్నడా మామ?" అంది నా భార్య.

ఆమె రెండుసార్లు "హలో" అన్నాక చెప్పాను. "చేను చుట్టు తీగ పెట్టిన. కరెంటున్నది. గట్టు మీదికి పోకు. బాట పొంటి పోయి మోటారు డబ్బా ఫీజు పీకు. చెప్పులేస్కొని పో. చెయ్యి తడి ఉంచకు."

అవతల ఫోన్ కట్ అయ్యింది. మళ్లీ చేస్తే మోగుతూనే ఉంది. ఫోన్ ఇంట్లో పడేసి పరిగెత్తిందని అర్థమైంది. అప్పటికి గానీ ఇంకో భయం పట్టుకోలేదు, ఆమెనూ అక్కడికి నేనే పంపానని.

ఆ పొద్దు మంచు దట్టంగా ఉంది. లారీల వెనక లైట్లు దగ్గరికి పోతే గానీ కనిపించడం లేదు. నాయినకు అరిచినా వినిపించదు, అదీ కుడి పక్క నుంచి పిలిస్తే అసలే వినిపించదు. చేనుగట్టు మీద ఆయన ఏ కాలు ఎక్కడ పెడతాడో నాకు తెలుసు. తీగ సరిగ్గా అక్కడే, మోకాలి కిందికి కట్టాను. ఆయన చేతిలో మంచుకు తడిసిన వెదురు కట్టె ఉంటుంది. ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి కళ్ల ముందుకు వస్తుంటే, బండి ఎట్లా నడిపానో నాకు గుర్తులేదు.

ఊరి మలుపు తిరగ్గానే మా చేనుకు పోయే బాట మీద మనుషులు గుమిగూడి కనిపించారు. ఆడవాళ్లు, పది పన్నెండు మంది. బండి అక్కడే పడేశాను. ఎవరైనా ఏడుస్తున్నారా అని చెవులు రిక్కించాను. ఏడుపు లేదు. నవ్వు వినిపించింది.

దగ్గరికి పోతే నాయిన నిలబడి ఉన్నాడు. గాలం కట్టెను బాటకు అడ్డంగా రెండు చేతులా పట్టుకుని, దుప్పటి కప్పుకుని, జ్వరానికి వణుకుతూ నిలబడి ఉన్నాడు. పత్తి ఏరబోయే కూలీ ఆడవాళ్లు ఆయన ముందు ఆగి ఉన్నారు. గట్టు మీదుగా పోతేనే వాళ్లకు దగ్గర. ఆయన పోనివ్వడం లేదు.

"ఏందే పెద్దయ్య, గంత పెద్ద పామా?" అని అడుగుతోంది ఒకామె.

"నా చెయ్యంత లావున్నది. పడగిప్పి కూసున్నది. కట్ట మీద నుంచి పోండ్రి బిడ్డా. ఇయ్యాల గీ తొవ్వ వద్దు," అన్నాడు నాయిన.

వాళ్లు నవ్వుకుంటూ, గొణుక్కుంటూ కట్ట వైపు మళ్లారు. నా భార్య మోటారు డబ్బా పక్కన నేల మీద కూర్చుని ఉంది. కాళ్లకు చెప్పులు లేవు. నా వైపు చూడలేదు.

ఆడవాళ్లు కనుమరుగయ్యేదాకా నాయిన కట్టె దించలేదు. దించాక గట్టు వైపు చూపించాడు. తీగకు ఆనుకుని ఒక కుందేలు చచ్చి పడి ఉంది. మంచులో తెల్లగా ఏదో కనబడి ఆయన వంగి చూసేసరికి కుందేలు, దాని పక్కన తీగ. ఇంకొక్క అడుగు వేస్తే ఆయనే. ఎండు కందికట్టెతో ఫీజు తోసేసి, ఇంకెక్కడన్నా కరెంటు ఉందేమోనని అనుమానం తీరక, వచ్చేవాళ్లను ఆపుతూ బాట మీద నిలబడ్డాడు. నా భార్య వచ్చేసరికి అరగంటగా అట్లాగే ఉన్నాడట.

"ఎన్ని దినాలాయె?" అన్నాడు.

"మూడు."

"ఎవ్వలకన్న చెప్పినవా?"

"లేదు."

ఆయన తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. "అండ్ల ఒకామె కడుపుతోని ఉన్నది. చూసినవా?" అని మాత్రం అన్నాడు. తర్వాత గట్టు పొడుగునా వంగి తీగ చుట్టడం మొదలుపెట్టాడు. నేను చెయ్యి వేయబోతే పక్కకు నెట్టాడు. కుందేలును నేనే గుంత తీసి పూడ్చాను. చేతులు ఎంత కడిగినా ఆ రోజంతా అన్నం సయించలేదు.

రెండు వారాలు ఆయన నాతో మాట్లాడలేదు. నా భార్య మాట్లాడింది గానీ, చేనుకు పోతున్నానంటే చాలు, ఎందుకని అడిగేది. ఇప్పటికీ అడుగుతుంది. ఆ ఏడు పల్లికాయలో మూడో వంతు పందులకే పోయింది. మిగిలింది పీకాం. ఆ తర్వాత పల్లి మానేసి పత్తి పెట్టాం. పత్తిని పందులు ముట్టవు.

తుపాకీ ఎండాకాలం చివర తిరిగొచ్చింది. గొట్టం లోపల తుప్పు పట్టింది. నాయిన వారం రోజులు నూనె గుడ్డతో తోమాడు. కానీ మరుసటి రెన్యూవల్‌కు పోతే కంటి డాక్టర్ కాగితం అడిగారు. ఆయనకు పొరలు వచ్చాయి. ఆపరేషన్ అయినా చూపు పూర్తిగా రాలేదు. లైసెన్సు సంగతి తేలేదాకా తుపాకీని మళ్లీ స్టేషన్‌లోనే పెట్టమన్నారు, పెట్టి వచ్చాం. దాన్ని వారసుడిగా నా పేరు మీదికి మార్చుకోవాలంటే మండలం ఆఫీసు, అటవీ ఆఫీసు, స్టేషన్, మళ్లీ మండలం. ప్రతి కిటికీ దగ్గరా ఒకటే ప్రశ్న, ఈ కాలంలో నీకు తుపాకీ ఎందుకని. ఉత్త మందు పేల్చే ముసలాయనకు ఇన్ని కాగితాలు అడిగేవాళ్లు, నేను తీగ కొన్నప్పుడు ఎక్కడున్నారని లోపల మండేది. ఆ కోపం పైకి అనలేను. అంటే ఆ తీగ సంగతి చెప్పాలి.

చివరికి విచారణకని ఒక కానిస్టేబుల్ ఇంటికి వచ్చాడు. నాయిన అరుగు మీద గాలానికి కొత్త దారం కడుతున్నాడు. కానిస్టేబుల్ పుస్తకం తీసి, ఆయన్నే అడిగాడు.

"నీ కొడుకు ఎట్లాంటోడు పెద్దాయనా? కొట్లాటలు, కేసులు ఏమన్న ఉన్నయా?"

తలుపు దగ్గర నా భార్య నిలబడి ఉంది. నాయిన ముడి బిగించి, పళ్లతో దారం కొరికి, తల ఎత్తకుండానే చెప్పాడు.

"ఏం లేవు సారూ. మంచోడే. జర భయం ఎక్కువ."

కానిస్టేబుల్ నవ్వి, రాసుకుని, చాయ తాగి వెళ్లాడు. నెల తర్వాత ఫొటోలు తీసుకుని రమ్మని ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. వస్తానన్నాను. పోలేదు. తుపాకీ స్టేషన్‌లోనే ఉండిపోయింది. దాని గురించి నాయినా అడగలేదు, నేనూ చెప్పలేదు.