సర్వర్ కోసం ప్రార్థన

మా ఇంట్లో సాయంత్రం అన్నానికి ముందు కుటుంబ ప్రార్థన ఉంటుంది. ఎవరి కష్టాన్ని వాళ్ళ పేరు పెట్టి దేవుడికి అప్పజెప్పాలి. పైపైన చెబితే మా అమ్మ ఒప్పుకోదు. మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. ఏ మంచం మీద ఎవరికి ఏ జబ్బో విప్పి చెప్పి ప్రార్థించిన అలవాటు ఆమెది. నేను మదనపల్లెలో ఇంట్లోనే కూర్చుని బెంగళూరు కంపెనీకి వెబ్‌సైట్ల పని చేస్తుంటే, పక్క గదిలోంచి నా ఫోన్ మాటలు విని నా వృత్తి జబ్బులన్నీ, సర్వర్ పడిపోతే సైట్లన్నీ ఆగిపోతాయనే సంగతితో సహా, నేర్చేసుకుంది.

"ప్రభువా, ఈ పొద్దు నా కొడుకు సర్వర్ పడిపోకుండా నీ సెయ్యి అడ్డం పెట్టు నాయనా" అనేది. నేను కళ్ళు మూసుకునే నవ్వుకునేవాణ్ణి. అయినా అది పడకుండా నిలబడిన రోజున నాకూ కొంచెం నమ్మకం కలిగేది.

కుప్పంలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు, నేను రాసిన మొదటి వెబ్ పేజీ తెరమీద కనబడితే, ల్యాబ్ మూసేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. అదొక పిచ్చి. ఆ పిచ్చి మీదే ఇన్నేళ్ళూ బతికాను. ఈమధ్య కోడ్ ఏఐ రాస్తుంటే నేను తప్పులు పట్టేవాణ్ణి. మొదట్లో పని తేలికైందని సంబరపడ్డాను. రానురాను తప్పులు దొరకడం తగ్గింది. సంతోషించాల్సిన మాటే గానీ, నాకు గుండెల్లో రాయి పడింది. ఒక సోమవారం పొద్దున మీటింగ్ పెట్టి, ఎంతో మర్యాదగా, మా టీమ్ ఇక అవసరం లేదన్నారు. ఆ మర్యాదకే నాకు ఒళ్ళు మండింది. మీటింగ్ ముగియకముందే నా లాగిన్ తీసేశారు.

అమ్మకు చెప్పలేదు. రోజూ మామూలుగానే తలుపు వేసుకుని, ల్యాప్‌టాప్ తెరిచి ఉద్యోగాలు వెతుక్కునేవాణ్ణి. సాయంత్రం ఆమె సర్వర్ కోసం వేడుకునేది. నేను ఆమేన్ అనేవాణ్ణి. సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి.

అలా ఎన్నాళ్ళు సాగేదో గానీ, పుంగనూరులో మా పిన్ని కొత్త ఇంట్లో, అయినవాళ్ళందరినీ పిలిచి కృతజ్ఞత ప్రార్థన కూడిక పెట్టుకుంది. ఇద్దరం బయల్దేరాం. బస్సులో అమ్మ తీరిగ్గా చెప్పింది: "నీ ఉద్యోగం గురించి సాక్ష్యం సెప్తావని పిన్నికి మాటిచ్చినా. నాలుగు మాటలు సెప్పప్పా."

దేవుడు చేసిన మేలును నలుగురి ముందు నిలబడి చెప్పడమే సాక్ష్యం. ఇంట్లో ఆమేన్ అనడం వేరు. అక్కడ నిలబడి అబద్ధమాడేంత ధైర్యం నాకు లేదు.

"ఉద్యోగం పోయిందమ్మా. పోయిన నెలలోనే" అన్నాను.

తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. పుంగనూరు బస్టాండులో దిగాక, కొంగు సర్దుకుంటూ అంది: "ముందే సెప్పకూడదా? ఇన్ని దినాలూ తప్పు ప్రార్థన సేస్తా ఉండానే!"

కూడికలో నన్నెవరూ లేవమనలేదు. వెళ్ళగానే పిన్ని చెవిలో అమ్మ ఏదో చెప్పినట్టుంది. చివర ప్రార్థనకు తనే లేచింది. పిన్ని ఇంటి కోసం, వచ్చినవాళ్ళ కోసం, నాకు ఇంకో పని దొరకడం కోసం ప్రార్థించింది. అయిపోయిందనుకుంటే గొంతు తగ్గించి మళ్ళీ అందుకుంది.

"ప్రభువా, నా బిడ్డ కూర్చున్న సోట ఇప్పుడు ఏ తల్లి బిడ్డ కూర్చోనుండాడో, వాణ్ణయినా కాపాడు తండ్రీ. వాని పని పోనీకు."

అందరూ ఆమేన్ అన్నారు. నేను మాత్రం కళ్ళు తెరిచి అమ్మ వైపు చూశాను. ఆ చోట ఇప్పుడు ఏ తల్లి బిడ్డా లేడని ఆమెకు తెలియదు.