బ్నీద్ అల్ గార్ సందు పాటలో అత్త గొంతు

మా ఎదురింటి అత్త పోయింది. శుక్రవారం పొద్దున ఆసుపత్రి నుంచి అమ్మ ఫోన్ చేసి, "అత్త ఇక లేదే" అంది. నర్సుగా ఎన్నో మరణాలు చూసిన అమ్మ అంతటితో ఫోను పెట్టేసింది.

అత్తది రాయచోటి వైపు పల్లె. కువైట్‌కు వచ్చి మొదట సబా అల్ సలేంలో ఓ కువైటీ ఇంట్లో పనిచేసింది. డ్రైవరుగా ఉన్న మామకు బ్నీద్ అల్ గార్‌లో ఇల్లు దొరికాక మా ఎదుటి ఫ్లాటుకు వచ్చింది. మా బిల్డింగులోని నర్సులు డ్యూటీకి వెళ్తే పిల్లలందరినీ చూసుకునేది ఆమే. మేం గోదావరి వాళ్లం, చర్చికి వెళ్లేవాళ్లం. ఆమె శనివారం ఒక్కపొద్దు. ఆరోజు కూడా మాకు చేపల కూర వండిపెట్టి, తాను మాత్రం అరటిపండు తినేది. "దేవుడు నన్ను తినొద్దన్నాడు గానీ, మిమ్మల్ని పస్తుండమన్లా గదా" అనేది.

నిరుడు ఆ బిల్డింగు కూల్చేస్తారని తెలిసింది. అక్కడే నాతో పెరిగిన స్నేహితుడు కీబోర్డు వాయిస్తాడు, నేను రాసి పాడతాను. చిన్నతనం మీద ఓ పాట చేద్దామనుకున్నాం. నేను కాలువ గట్టు, కొబ్బరి తోట, వరి చేల మీద రాసి అత్తకు వినిపించాను.

"బాగుంది గానీ పాపా, ఆ కాలవలో నువ్వెప్పుడు ఈదినావు?" అంది.

సెలవులకు వెళ్లి చూసిన ఊరు అది. అంతే.

"మీరు పెరిగింది ఈ సందులోనే గదా. ఏసీ నీళ్లు నెత్తిన పడితే అరుచుకుంటా ఉరికినారే, అది రాయి. ఖుబ్జు రొట్టెలు వేడివేడిగా తెస్తా, దావలోనే సగం తినేసినారే, అది రాయి. దాంట్లో సిగ్గేముంది?"

నాకూ ఒక ఊరుందని, అది ఈ సందేనని చెప్పిన మనిషి ఆమె.

పాట మారింది. మధ్యలో, ఆటల నుంచి మమ్మల్ని ఇంటికి పిలిచే ఆమె కేక ఉంటే బాగుంటుందనిపించింది. అప్పటికే ఆమె గుండె బలహీనపడింది. "ఖలాస్, ఈ ఎండలు తగ్గితే ఊరికి పోతాం" అంటూ సామాను సర్దుకుంటోంది. స్నేహితుడి గదిలో కిటికీకి దుప్పటి కట్టి, మైకు ముందు కూర్చోబెట్టాం. కాసేపు సిగ్గుపడింది. తర్వాత కొంగు నడుముకు దోపుకుని, లేచి నిలబడి పిలిచింది.

"రాండ్రా నాయనా! పొద్దు గూకింది. బువ్వ చల్లారిపోతాంది!"

ఆమె మెల్లగా కూర్చుని కళ్లు తుడుచుకుంది.

"ఏమైందత్తా?"

"ఏంల్యా. మిమ్మల్నందర్నీ ఇట్ల పిల్చినా. నా కొడుకును ఒక్కనాడన్నా పిల్చిందే ల్యా."

పాలు మరవని కొడుకును వాళ్ల అవ్వ దగ్గర వదిలి ఆమె కువైట్‌కు వచ్చిందని మాకు తెలుసు. ఆ మాట ఆమె నోట వినడం మాత్రం అదే మొదలు.

"ఈ కేక పాటలో వద్దులే అత్తా, తీసేస్తాం" అన్నాడు స్నేహితుడు.

"తీయొద్దు. ఉండనీ. వాడు గూడా వింటాడు."

కానీ ఎండలు తగ్గకముందే ఆమె కన్నుమూసింది. పెట్టెలో ఊరికి వెళ్లింది. వెంట మామ వెళ్లాడు.

పాట పూర్తి చేసి ఆమె కొడుకుకు పంపాను. కర్మల నాడు వాకిట్లో ఫోను స్టూలు మీద పెట్టి అందరికీ వినిపించారు. మామ దాన్ని వీడియో తీసి పంపాడు. చాపల మీద కూర్చున్న వాళ్లెవరూ మా సందును చూసినవాళ్లు కారు. అయినా కదలకుండా విన్నారు. అత్త కేక రాగానే కొడుకు మోకాళ్ల మధ్య తల దాచుకున్నాడు.

అతని పక్కనుంచి చిన్న కూతురు లేచింది. అత్త చివరిసారి సెలవుకు వెళ్లేనాటికి ఆ పిల్ల పుట్టలేదు. ఆ పిల్లకు అవ్వంటే ఫోనులో గొంతే. గబగబా వెళ్లి, రెండు చేతులతో ఫోను తీసుకుంది.

"అవ్వా, నువ్వు తిన్యావా?"

పాట సాగుతూనే ఉంది. పిల్ల ఫోను చెవికి ఆనించుకుని, జవాబు కోసం నిలబడింది.