వెడల్పు సరిపోయిన పిస్టన్

1961 జూన్‌లో మా నీళ్ల ఇంజను నన్ను కాలవలో వేసింది. హేండిల్ తిప్పుతుంటే వెనక్కి తన్నింది. నేను పంచెతో సహా నీళ్లలోకి వెళ్లాను. గట్టు మీద నారుమడికి వారం నుంచి తడి లేదు. ఆ రోజు తడిసింది నేనొక్కణ్ణే.

మా ఆవిడ రావమ్మ చెయ్యి అందిస్తూ, "నారుకి పెట్టాల్సిన నీళ్లు మీకెందుకండీ?" అంది.

తప్పు మత్తయిదని ఊళ్లో చెప్పుకొచ్చాను. మత్తయి గుడివాడ బస్సుల షెడ్డులో పని నేర్చి, అవనిగడ్డలో కాపురం పెట్టినవాడు. దివిసీమలో ఏ ఇంజను మొరాయించినా సైకిలు మీద వచ్చేవాడు. స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకీ రెండోది చెవికీ ఆనించి, చర్చిలో ప్రసంగం వింటున్నట్టు కళ్లు మూసుకునేవాడు.

పాపం, పిస్టన్ అరిగిపోయాక ఆయన చెప్పిందల్లా పాతది పట్టుకెళ్లి, పక్కన పెట్టి చూసి కొత్తది తెమ్మని. నేను లెక్కల మేష్టార్ని. బరువెందుకని వెడల్పు మాత్రం చీటీ మీద రాసుకుని బందరు వెళ్లాను. వెంట్రుకవాసి తేడా లేకుండా తెచ్చాను. మత్తయి కృత్తివెన్నులో పెళ్లికి వెళ్తే, నారు ఎండిపోతోందని నేనే బిగించాను. అంతకుముందే సిలిండరు దిమ్మ పైముఖం అద్దంలా ఉండాలని, ఆయన వద్దన్నా, లేతు మిషను మీద రెండోసారి చెక్కించి ఉన్నాను.

మత్తయి పెళ్లి నుంచి వచ్చి ఇంజను మూత విప్పాడు. గిలకలదిండి చేపల వలలకి కట్టే సీసం గుండొకటి సంచిలోంచి తీసి, సుత్తితో అణిచి, పిస్టన్ నెత్తిన పెట్టి, మూత బిగించి, మెల్లగా ఒక చుట్టు తిప్పాడు. విప్పి చూస్తే సీసం తమలపాకంత పల్చగా అణిగి ఉంది. పైన మిగిలిన సందు అంతే. పాత పిస్టన్‌నీ కొత్తదాన్నీ పక్కపక్కన నిలబెట్టాడు. పిన్ను బెజ్జం నుంచి నెత్తి దాకా కొత్తది కాస్త పొడుగు. దిమ్మ పొట్టిదైంది, పిస్టన్ పొడుగైంది.

"పదహారు సోలల గాలిని ఒక్క సోలలోకి నొక్కే ఇంజనండీ ఇది. మీరు ఇరవై నాలుగు నొక్కమన్నారు. ఎవరైనా తంతారు."

మర్నాడు తనే పాతది పట్టుకెళ్లి సరైన పిస్టన్ తెచ్చాడు. దిమ్మ కింద పల్చటి రేకులు వేసి, నేను చెక్కించిన ఎత్తు తిరిగి ఇచ్చాడు. ఈసారి సీసం అణాబిళ్ల మందాన వచ్చింది. సాయంత్రానికి నారుమడి నిండింది.

గట్టున నలుగురూ చూస్తున్నారు. ఊరుకుంటే నా పరువేం కావాలి? "మునుపటి జోరు లేదేంటి మత్తయ్యా?" అన్నాను.

"జోరు తగ్గలేదు మేష్టారూ, మీరు కాలవలో పడటం తగ్గిందంతే."