అడిగి మరీ కోస్తాం

గజపతినగరంలో మా ఇంట్లో రోజూ సాయంత్రం ఏడింటికి టీవీ ముందు ధర్మసభ కూర్చుంటుంది. సీరియల్లో ఒక మాంత్రికుడు, చచ్చిపోయిన కూతుర్ని బతికించుకోడానికి వందమందిని బలివ్వాలని బయల్దేరాడు. తొంభైతొమ్మిది అయ్యాయి. నూరోవాడి దగ్గర నెలరోజులుగా సాగదీస్తున్నారు.

"కన్నకూతురి కోసం ఎవులైనా సేస్తారు. ఆడి తప్పేటి?" అంది మా అమ్మ.

"ఒక పిల్లకి వందమందేటత్తా? ఒకడు సాలడా?" అన్నాడు వీధి చివర ఉండే మా బావ.

నేను బడిపంతుల్ని, ఊరుకోలేను. "ఒకడైనా అన్యాయమే! నీ బిడ్డ కోసం ఇంకొకడి ప్రాణం ఇవ్వడానికి నువ్వెవడివి? వాణ్ణి అడిగావా?" అని టీవీ మీదకి లేచాను. పదేళ్ల మా అమ్మాయి నావైపు మెచ్చుకోలుగా చూసింది. నేను పూరీలా పొంగిపోయాను.

"మరి మన పుంజో నాన్నా?" అంది.

నిరుడు మా అమ్మాయికి జ్వరం ముదిరినప్పుడు, తగ్గితే పుంజునిస్తానని అమ్మోరికి మొక్కుకున్నది నేనే. ఆ పుంజుకి చోళ్లు వేసి, ఒళ్లో పెట్టుకుని పెంచింది అది. వచ్చే మంగళవారమే మొక్కు.

"మనం అడుగుతాం గదే," అంది మా అమ్మ. "పసుపునీళ్లు జల్లుతాం. తలూపితేనే కోస్తాం. ఆ మాయలోడు అడిగేడేటి?"

తిరుగులేని లా పాయింటు. నేను ఒప్పేసుకున్నాను.

మంగళవారం గుడి ముందు నీళ్లు జల్లాం. పుంజు తలూపలేదు. చెంబుడు కుమ్మరించినా రాయిలా నిలబడింది.

"నాన్నా, ఒద్దంతన్నాది," అంది మా అమ్మాయి నా చొక్కా పట్టుకుని.

వెనక వరస పెరిగిపోతోంది. "మాస్టారూ, బేగి కానీండి!" అని అరుపులు. "సెవిలో ఊదు బావా," అన్నాడు మా బావ. ఊదాను. పుంజు తల విదిలించింది. "ఒప్పీసుకుంది!" అన్నారంతా. అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

ఆ సాయంత్రం కోడికూర తింటూ సీరియల్ చూస్తున్నాం. మాంత్రికుడు నూరోవాడి మీద కత్తెత్తాడు. "దుర్మార్గుడు!" అంది మా అమ్మ ఎముక చీకుతూ.

మా అమ్మాయి కంచంలో చారన్నం తప్ప ఏమీ లేదు. టీవీ మీంచి కళ్లు తిప్పకుండా అంది: "పాపం, సెవిలో ఊదాలని ఆడికి ఎవులూ సెప్పలేదు నాన్నా."

సిగ్గుతో చచ్చిపోయి తల దించుకున్నాను. తలూపాననుకుని మా అమ్మ నా కంచంలో ఇంకో ముక్క వేసింది.